పసుపు కెపాసిటర్‌కు ప్రత్యేక పూజలు

గాజు ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే ట్యూబ్ ఆంప్ మంచిదో కాదో తేల్చడానికి చెవులతో పనిలేదు. వెనక పలక విప్పి లోపల ఒక ఫొటో తీస్తే చాలు. పసుపు కెపాసిటర్లు బారులు తీరి ఉంటే టోన్, అంటే నాదం, దివ్యం. చేతి వైరింగ్ బదులు రాగి గీతలు అచ్చువేసిన ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు కనిపించిందా, ఇక ఆ యజమాని పలకరింపుకి కూడా అర్హుడు కాడు.

డిజైన్ల విషయానికొస్తే, ప్రతి తయారీదారుడిదీ సొంత బుర్రే. 1950ల చివర్లో అమెరికా కంపెనీ ఫెండర్ నుంచి బాస్‌మన్ 5ఎఫ్6-ఏ అనే ఆంప్ వచ్చింది. 1962లో లండన్‌లో మార్షల్ వాళ్లు ఆ సర్క్యూట్‌నే దాదాపుగా దించి జేటీఎం45 చేశారు. అప్పట్నుంచి రెండు రెసిస్టర్ల విలువలు మార్చి, ముందు పలక మీద కొత్త పేరు చెక్కినవాళ్లంతా ఆవిష్కర్తలే. అమెరికా ఆంప్ తయారీదారు అలెగ్జాండర్ డంబుల్ అయితే తన సర్క్యూట్ మీద ఏకంగా ఎపాక్సీ జిగురు పోసి కప్పేశాడు. కనబడని భాగాల్లో టోన్ ఇంకా బాగుంటుందని లోకానికి అప్పుడు తెలిసొచ్చింది.

పాతకాలపు కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్ల మహిమ వేరు. వేడికీ తేమకీ వాటి విలువ జారిపోతుంది, పైగా బుస్సుమంటాయి. ఆ రోజుల్లో చవగ్గా దొరికేవని వాడారు. ఇప్పుడు ఆ బుస్సుకే ఎదురు డబ్బిచ్చి కొంటున్నాం. భాగాలు బిగించే పాత ఫైబర్ బోర్డు తేమ పీల్చిందంటే, ఏమీ లేని చోట మీటర్ పెట్టినా వోల్టేజీ చూపిస్తుంది. దాన్ని లీకేజీ అనకండి, వింటేజ్ అనాలి.

ఇలాంటి పవిత్ర చర్చలోకి రిపేరు చేసేవాడొచ్చి అడ్డం పడతాడు. అతని గోలంతా సాకెట్ల మీదే. పవర్ ట్యూబు సాకెట్‌ని నేరుగా బోర్డుకి సోల్డర్ చేస్తే, ఆ వేడికి పిన్ను చుట్టూ వెంట్రుకవాసి పగులు వస్తుందట. ఆంప్ చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, సరిగ్గా సోలో మొదలెట్టగానే చిటపటలాడుతుందట. కేబుల్ జాక్ కూడా బోర్డుకే అతికించి ఉంటే, ఎవరి కాలో కేబుల్‌కి తగిలిన రోజున బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. దాన్ని అతికించడానికి నాబులు, వాటి వెనకుండే పాట్లు (వాల్యూమ్ లాంటి కంట్రోళ్లు) అన్నీ ఊడదీసి బోర్డు బయటికి లాగాలి. మందమైన బోర్డు వేసి, సాకెట్లూ జాకులూ ఛాసీకి (లోహపు చట్రానికి) బిగించి, వైర్లతో కలిపితే ఏళ్లకేళ్లు నడుస్తుందంటాడు. పైగా చేత్తో వైరింగ్ చేసిన ఆంప్‌లో ట్యూబుల్ని వేడిచేసే హీటర్ వైర్లు మెలితిప్పకపోతే గుయ్యిమని హమ్ వస్తుందని, ట్యూబులోకి సిగ్నల్ తెచ్చే గ్రిడ్ వైరు, బయటికి తీసుకెళ్లే ప్లేటు వైరుని ఆనుకుంటే ఆంప్ కీచుమంటుందని కూడా అనేశాడు! చేత్తో చేసిన తప్పుకి ఆ మాత్రం గౌరవం ఇవ్వొద్దూ?

తయారీదారులకు నాదొక విన్నపం. స్పీకర్ తీసేసి ఆ చోట అద్దం బిగించండి. ట్యూబుల్ని స్పీకర్‌కి కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా దండగే, ఫొటోలో నల్లగా పడుతుంది. 6.3 వోల్టుల హీటర్ సప్లై మాత్రం ఉంచండి, ట్యూబులు వెలక్కపోతే లైకులు రావు.