ఒక్క ప్రశ్నతో ఒక ఏడాది

డిగ్రీ విద్యార్థి ఒక సాహిత్య ప్రశ్నను పట్టుకుని ఏడాది పాటు దానితోనే గడపడం ఈ రోజుల్లో చాలామందికి విలాసంగా తోస్తోంది. ఆంగ్ల సాహిత్యంలో ఆనర్స్ చదువుకు, అంటే డిగ్రీలోనే ఒక విషయాన్ని లోతుగా చదివే కోర్సుకు, ప్రాణం ఆ ఏడాదే. ఆ ఏడాది శ్రమతో రాసే థీసిస్ (పరిశోధనా వ్యాసం) తీసేసి మరో రెండు కోర్సులు పెట్టి, గ్రేడ్ల సగటు చూసి పట్టా మీద ‘ఆనర్స్’ అని రాసిస్తే చాలుననే ఆలోచన విశ్వవిద్యాలయాలకు ఎంత సౌకర్యంగా ఉన్నా, అది ఈ చదువుకు చేసే అన్యాయమని మేం భావిస్తున్నాం.

ఈ చదువుకు గుర్తింపు అంత తేలిగ్గా దక్కలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్‌కు ప్రత్యేక డిగ్రీ ఉండాలన్న ప్రతిపాదన 1887లో చర్చకు వచ్చినప్పుడు చరిత్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ అడ్డుపడ్డారు. అభిరుచులకు పరీక్ష ఎలా పెడతారన్నది ఆయన అభ్యంతరం. ప్రతిపాదన అప్పటికి వీగిపోయింది. 1894లో గానీ అక్కడ ఇంగ్లిష్ విభాగం రూపుదిద్దుకోలేదు. కేంబ్రిడ్జ్‌లో 1917 దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రీమన్ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఒక కవిత ఎవరి మనసుకు ఎంత హత్తుకుందో కొలిచి మార్కులు వేయలేం. అయితే ఆ కవిత గురించి చెప్పిన మాటకు కవితలో ఆధారం ఉందా, ఎదురు సాక్ష్యం కనబడినప్పుడు విద్యార్థి ఏం చేసిందన్నది మాత్రం పరీక్షించవచ్చు. అందుకు థీసిస్‌ను మించిన సాధనం మాకు కనిపించడం లేదు.

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1886లో కన్నుమూసేనాటికి దాదాపు 1,800 కవితలు రాశారు. అందులో అచ్చయినవి చాలా కొద్ది. 1890లో తొలి సంపుటి తెచ్చిన సంపాదకులు ఆమె విరివిగా వాడిన అడ్డగీతలను చాలావరకు తీసేసి కామాలు, ఫుల్‌స్టాపులు పెట్టారు. శీర్షికలు తగిలించారు. అక్కడక్కడా మాటలే మార్చారు. 1955లో థామస్ జాన్సన్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటాలతో ఆ గీతలు మళ్లీ పాఠకుల ముందుకు వచ్చాయి. మామూలు కోర్సులో విద్యార్థి పుస్తకంలో ఉన్న పాఠం చదివి, భావం రాసి, తర్వాతి కవికి వెళ్లిపోతుంది. ఆనర్స్ విద్యార్థి రెండు ముద్రణలనూ పక్కపక్కన పెట్టుకుంటుంది. రాతప్రతి ఫొటోను తెర మీద పెద్దది చేసి చూస్తుంది. గీత దగ్గర వాక్యం ఆగుతోందా, కొసకు చేరకుండా ఊగుతోందా? కామా పడగానే ఒక పదం ముందు పాదాన్ని వదిలేసి తర్వాతి పాదంతో జత కట్టిందా? నాలుగు పేజీలు రాశాక ఆమెకు ఇంకో సంగతి తడుతుంది. రాతప్రతిలో గీతలన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్ని చుక్కంత పొట్టివి, కొన్ని పైకి వాలినవి. అచ్చులో మాత్రం అన్నీ ఒకే అడ్డగీత. ‘మరి అచ్చుప్రతిని నమ్మి రాసిన నీ రెండో అధ్యాయం సంగతేమిటమ్మా?’ అని గైడ్ అడుగుతారు. ఆ అధ్యాయం మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే. ఈ తిరగరాత ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఆమె నిజంగా నేర్చుకునేది మాత్రం అక్కడే.

అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీ అధ్యక్షుడు ఫ్రాంక్ ఎయిడెలాట్ 1922లో ఆనర్స్ పద్ధతి మొదలుపెట్టారు. ఆయన స్వయంగా ఇంగ్లిష్ అధ్యాపకుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నవారు. చివరి రెండేళ్లూ విద్యార్థులు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని చర్చిస్తూ చదవాలి. చివర్లో బయటి విద్యాసంస్థల అధ్యాపకులు వచ్చి రాత పరీక్ష, మౌఖిక పరీక్ష నిర్వహిస్తారు. ఈ ఏర్పాటులో మాకు అన్నిటికంటే నచ్చింది, పాఠం చెప్పినవారే తీర్పు చెప్పకపోవడం. గురువూ శిష్యురాలూ ఒకే పక్షాన నిలబడి బయటివారి ప్రశ్నలకు సిద్ధమవుతారు.

యంత్రాలు నిమిషాల్లో వ్యాసాలు రాసిపెడుతున్నప్పుడు థీసిస్‌కు ఇక అర్థమేముందని కొందరు వాదిస్తున్నారు. మేం ఈ వాదనతో ఏకీభవించం. తాను పరిశీలించని రాతప్రతి గురించి వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, పట్టుమని పది నిమిషాలు మాట్లాడటం ఎవరి తరమూ కాదు. మౌఖిక పరీక్ష అవసరం మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ. ఇక ఉద్యోగాల మాటకొస్తే, పాఠాన్ని వదలకుండా చదివి ఆధారంతో వాదించడం న్యాయవాదికీ అవసరమే, పాత్రికేయుడికీ అవసరమే.

మమ్మల్ని కలవరపెడుతున్నది ప్రవేశద్వారం. సగటు గ్రేడు ఒక్కటే కొలమానమైతే, చదువుతోపాటు ఉద్యోగం చేస్తూ మొదటి ఏడాది తడబడిన విద్యార్థి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆమె దగ్గర మంచి ప్రశ్న ఉండవచ్చు. రెండు పేజీల ప్రతిపాదన రాయించి, అరగంట కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసిపోతుంది. సెలవుల్లో సంపాదన మానుకుని గ్రంథాలయంలో కూర్చోవాల్సి వచ్చే వారికి భృతి ఇవ్వాలి. అధ్యాపకుల పరిస్థితీ చూడాలి. థీసిస్‌కు మార్గదర్శనం చేసే గంటలను చాలాసార్లు పనిగానే లెక్కించరు. అభిమానంతో చేసే అదనపు సేవగా అది జమ అవుతుంది. అలా ఏటా ఇద్దరు ముగ్గురిని భుజానికెత్తుకున్న అధ్యాపకులు చివరికి అలసి తప్పుకుంటే తప్పు వారిది కాదు. వచ్చే విద్యా సంవత్సరం బోధన గంటల పట్టికలో తరగతుల సరసనే థీసిస్ పర్యవేక్షణకూ గంటలు కేటాయించి, వాటికి జీతం లెక్కకట్టాలి.