నోరు మెదపని ఇంగ్లీషుకు ఒక నమస్కారం

చైనాలో డిగ్రీ పిల్లలు రాసే ఇంగ్లీషు పరీక్షను వెక్కిరించడం మేధావులకు ఫ్యాషనైపోయింది. మూడో తరగతి నుంచి ఇంగ్లీషు చదివి, కాలేజీలో జాతీయ పరీక్ష కూడా గట్టెక్కిన పిల్లవాడు, వీధిలో ఎవరో విదేశీయుడు దారి అడిగితే ఫోన్ తీసి అనువాద యాప్ తెరుస్తున్నాడని వీళ్ల ఫిర్యాదు. విషయం అర్థం కాక చేస్తున్న ఫిర్యాదు ఇది. అది పరీక్షలో లోపం కాదు, పరీక్ష సాధించిన విజయం. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల బెడద లేకుండా ఇంగ్లీషు నేర్పే పద్ధతి ఒకటి కనిపెట్టి, దాన్ని అంత పెద్ద దేశంలో ఒకే రోజు, ఒకే గంటకు అమలు చేయడమంటే మాటలా?

పరీక్ష పేరు కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్, పొట్టిగా సీఈటీ. నాలుగో స్థాయి 1987లో మొదలైంది, ఆరోది 1989లో. పిల్లలు వాటిని సిజీ, లియూజీ అంటారు. ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, శనివారం పూట జరుగుతుంది. పొద్దున నాలుగో స్థాయి, మధ్యాహ్నం ఆరో స్థాయి. ఏడాదికి కోటి మందికి పైగానే రాస్తారు. ఇంతమంది కలిసి ఒక భాషలో మౌనం పాటించే సందర్భం భూమ్మీద ఇంకోటి ఉంటుందని నేననుకోను. మాట్లాడే పరీక్ష కూడా లేకపోలేదు. కాకపోతే అది విడిగా, ఇష్టమున్నవాళ్లకు మాత్రమే. ఈత పరీక్షలో నీళ్లు ఐచ్ఛికం అన్నట్టు. అక్కడ కూడా ఎదురుగా పరీక్షకుడు కూర్చుని ఇబ్బంది పెట్టడు, కంప్యూటర్ ఉంటుంది.

మొత్తం మార్కులు 710. ఈ అంకె దగ్గర అమ్మలకు కొంత చిక్కొచ్చింది. బడికెళ్లే పిల్లలకైతే పరీక్ష రోజు పొద్దున పళ్లెంలో ఒక యూట్యావో, అంటే నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీ, పక్కన రెండు గుడ్లు పెడతారు. ఒకటి, పక్కన రెండు సున్నాలు, మొత్తం వంద. 710కి ఏడు ఆకారంలో ఏం వండాలో ఏ వంటింట్లోనూ ఇంకా తేలినట్టు లేదు.

పాస్ మార్కు సంగతి ఇంకా గంభీరమైనది. 2005 సంస్కరణల తర్వాత ఈ పరీక్షలో పాస్, ఫెయిల్ అనేవి అధికారికంగా లేవు. మార్కుల పత్రం ఇస్తారు, అంతే. కాబట్టి ఎవరూ ఫెయిలవ్వరు. 425 రాకపోతే మాత్రం ఆరో స్థాయికి పేరు నమోదు కాదు, ఉద్యోగ ప్రకటనల్లో సగం చదవనక్కర్లేదు, దసరాలాంటి వాళ్ల వసంత పండక్కి ఇంటికెళ్తే పిన్ని కూతురికి ఎంతొచ్చిందో వినాల్సి వస్తుంది. ఫెయిల్ అనే మాటే లేని పరీక్షలో అందరికీ ఒకే అంకె పీడకలలా రావడం పరిపాలనా దక్షత కాక మరేమిటి?

ఇక ప్రిపరేషన్. నాలుగో స్థాయికి సుమారు నాలుగున్నర వేల మాటలు రావాలి. వీటి కోసం పదాల పుస్తకాలు కొంటారు. అక్షరక్రమంలో అచ్చయిన పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే చాలు, యజమాని చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. మొదటి పాతిక పేజీల అంచు వేలిముద్రలతో నల్లబడి, పసుపు హైలైటర్ ఇంకి, కాస్త ఉబ్బి ఉంటుంది. తర్వాతి మూడొందల పేజీలు కొట్లోంచి తెచ్చినట్టే తెల్లగా ఉంటాయి. ప్రతి సెమిస్టర్‌లోనూ కొత్త సంకల్పంతో మళ్లీ ఏ నుంచే మొదలుపెడతాడు కదా! ఏ అక్షరం మాటల్లో ఆ పిల్లవాడిని లండన్ ప్రొఫెసర్ కూడా ఓడించలేడు. పుస్తకం బరువనుకునే వాళ్లకు యాప్‌లున్నాయి. రోజూ కొన్ని మాటలు చదివి, చదివినట్టు స్నేహితులందరికీ కనిపించేలా వీచాట్ అనే చాటింగ్ యాప్‌లో హాజరు వేయించుకోవచ్చు. కొందరు మాటలు మానేసినా హాజరు మాత్రం మానరు. క్రమశిక్షణ అంటే అదీ.

వ్యాసం రాయడానికి అరగంట ఇస్తారు. ఇక్కడ ఆలోచన అనే దురలవాటును మొదట్లోనే తుంచేశారు. సమాజం వేగంగా అభివృద్ధి చెందుతోందని మొదలుపెట్టాలి. సమాజం ఏ ఏడాదీ నెమ్మదించలేదు. మధ్యలో నాణేనికి రెండు వైపులుంటాయనాలి. నా మట్టుకు నేను అని ఒక పేరా ఎత్తుకుని, ఇలా చేసినప్పుడే మన భవిష్యత్తు ఉజ్వలంగా ఉంటుందని ముగించాలి. మధ్యలో ఖాళీ వదిలిపెట్టి, హాల్లో ప్రశ్న చూశాక ఆ ఖాళీలో పర్యావరణమో, స్నేహమో, ఆన్‌లైన్ క్లాసులో ఏదో ఒకటి పెట్టుకోవడమే. అక్షరాలు గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉండాలి. హబేయి రాష్ట్రంలోని హంగ్‌ష్వీ హైస్కూల్ పేరుతో ఆ రాతకు దేశమంతా ఖ్యాతి ఉంది. పేపర్లు దిద్దేవాళ్ల స్థితి చూడండి. ఒకే వ్యాసం, ఒకే చేతిరాత, కట్టలు కట్టలుగా. వాళ్లకు మార్కుల తేడా ఎలా తెలుస్తోందన్నది ఆధ్యాత్మిక విషయం.

నాలుగో స్థాయిలో వ్యాసం అయ్యాక తొమ్మిది నలభైకి లిజనింగ్. చాలా కాలేజీల్లో ప్రశ్నలు ఎఫ్ఎం రేడియోలో ప్రసారమవుతాయి. ఎవరి హెడ్‌ఫోన్ వాళ్లే తెచ్చుకోవాలి. బోర్డు మీద ఫ్రీక్వెన్సీ రాసి ఉంటుంది. అప్పుడు చూడాలి ఆ గదిని. ముప్ఫై మంది చెవి పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు తిప్పుతూ, కళ్లు మూసుకుని, మెడ కిటికీ వైపు వాల్చి ఉంటారు. దేవుడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నారని కొత్తవాళ్లు అనుకున్నా తప్పులేదు. ఒకడి చెవిలో బీబీసీ తరహా వార్త, ఇంకొకడి చెవిలో బరబర, మూడోవాడి చెవిలో బ్యాటరీ అయిపోయిన నిశ్శబ్దం. మూడు వార్తలు, రెండు సంభాషణలు, మూడు పాఠాలు, పాతిక ప్రశ్నలు. అన్నీ ఒక్కసారే వినిపిస్తాయి. ఇంకోసారి చెప్పండని అడగడానికి అవతల మనిషి లేడు, ఉన్నా వినడు. పాతిక నిమిషాలకు గొంతు ఆగిపోతుంది, వెంటనే మొదటి జవాబు పత్రం వెనక్కి తీసేసుకుంటారు. తర్వాత గుర్తొచ్చిన జవాబు నీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఇలాంటి కష్టకాలంలో పనికొచ్చే ఒక సూత్రం ఆ దేశంలో బడి నుంచే పిల్లల నోళ్లలో నానుతోంది. మూడు పొడుగు, ఒకటి పొట్టి అయితే పొట్టిది పెట్టు. మూడు పొట్టి, ఒకటి పొడుగు అయితే పొడుగుది పెట్టు. రెండేసి అయితే బి, అడ్డదిడ్డంగా ఉంటే డి. ఇంగ్లీషు రానివాడికీ ఇంగ్లీషు వచ్చినవాడికీ మధ్య సమానత్వం తేవడానికి ఇంతకంటే సులువైన మార్గం ఏ విప్లవమూ చూపలేదు.

పరీక్షకు తలమానికం మాత్రం చివరి అరగంటలో వచ్చే అనువాదం. 2013 డిసెంబరు నుంచి ఇది పూర్తి పేరా అయింది. చైనీస్‌లో ఒక పేరా ఇస్తారు, ఇంగ్లీషులోకి మార్చాలి. విషయం ఎప్పుడూ చైనాయే. దారంతో అల్లే చైనా ముడి, టీ, కాగితం కత్తిరించి చేసే బొమ్మలు, యాంగ్జీ నది, తాయ్ పర్వతం. విదేశీయుడు ఏం అడుగుతాడో ఎవరికీ తెలియదు కాబట్టి, అతను అడగని వాటికి జవాబులు ముందే సిద్ధం చేయడం దూరదృష్టి. పైగా కాపీ కొట్టకుండా ఒకే హాల్లో వేర్వేరు పేపర్లు ఇస్తారు. అందువల్ల విధి కూడా పరీక్షలో పాల్గొంటుంది. 2019 డిసెంబరులో ఆరో స్థాయి రాసినవాళ్లకు మూడు పూలొచ్చాయి. ఒకడికి తామర. హమ్మయ్య, చిన్నప్పుడు ఎక్కడో చదివిన మాటే. పక్కవాడికి మెయ్‌హువా అనే శీతాకాలపు పువ్వు. రేగు లాంటి ప్లమ్ పండు పేరు పెట్టి కాస్త నెట్టుకొచ్చాడు. మూడోవాడికి ముదాన్. చైనాలో పూలకు రాజు లాంటిది, ప్రతి క్యాలెండర్ మీదా ఉంటుంది, దాని ఇంగ్లీషు పేరు పియొనీ అని అవసరమైన ఆ అరగంటలో గుర్తొస్తేనా?

గుర్తు రానివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొందరు చైనా గులాబీ అన్నారు. కొందరు ముదాన్‌ని ముదాన్ అనే పిన్యిన్‌లో, అంటే చైనీస్ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, రాసి, ఇంగ్లీషువాళ్లు నేర్చుకుంటే వాళ్లకే మంచిదని ఊరుకున్నారు. నన్నడిగితే పూర్తి మార్కులు వీళ్లకే పడాలి. మనం ఇడ్లీని ఇడ్లీ అనే అంటాం కదా, ఎవరికోసమైనా ఆవిరి కేకు అన్నామా?

మనవాళ్లు దూరం నుంచి నవ్వుకోవడానికీ లేదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్‌కి చైనా వెళ్లిన పిల్లలు బోలెడుమంది. పాఠాలు ఇంగ్లీషులోనే, కానీ వార్డులో మంచం మీద పడుకున్న తాతకు కడుపులో ఎక్కడ నొప్పో అడగాలంటే చైనీస్ రావాలి. అందుకని వీళ్లకు హెచ్ఎస్‌కే అనే చైనీస్ పరీక్ష, అందులోనూ నాలుగో స్థాయి. లైబ్రరీలో ఒకే బల్లకు అటు మనవాడు చైనీస్ మాటల కార్డులు తిప్పుతుంటాడు, ఇటు చైనావాడు ఇంగ్లీషు మాటల యాప్ నొక్కుతుంటాడు. ఒకడికి కావలసింది రెండోవాడి నోట్లోనే ఉంది. కానీ పరీక్షలు దగ్గర పడ్డాయి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే చదువు పాడవుతుందని ఇద్దరికీ తెలుసు. వేడినీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడినప్పుడు తల ఊపుకుంటారు, మళ్లీ వచ్చి కూర్చుంటారు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థ మీద 2023 సెప్టెంబరులో ఒక రాయి పడింది. షియాన్ జియావోతోంగ్ విశ్వవిద్యాలయం పట్టాకు ఈ పరీక్షతో ఉన్న ముడి తీసేసింది. డిగ్రీ కావాలంటే సీఈటీ గట్టెక్కాల్సిన పనిలేదట. ఇలా ఒక్కొక్కరూ వదిలేసుకుంటూ పోతే పదాల పుస్తకాలు అచ్చేసేవాళ్లు, నమూనా వ్యాసాలు వండేవాళ్లు, నాలుగు వారాల్లో 425 అంటూ క్లాసులు చెప్పేవాళ్లు ఏమైపోవాలి? అసలు విద్యాశాఖ అయితే ఆ ముడి వేయమని తాను ఎప్పుడూ చెప్పలేదంటుంది. అది నిజమే కావచ్చు. వేయమన్నవాళ్లు లేకుండానే ముడి అన్నేళ్లు గట్టిగా ఉందంటే దాని బలం ఎంతో ఊహించండి.

అయినా భయపడక్కర్లేదు. యూనివర్సిటీ వదిలినా ఉద్యోగం వదలదు. పన్నుల శాఖలో పోస్టులు చూడండి, ప్రభుత్వ సంస్థల నోటిఫికేషన్లు చూడండి, సీఈటీ 425 ఆపైన అన్న మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఏదో కౌంటీలో రైతుల దరఖాస్తుల మీద ముద్ర వేసే పనికి కూడా ఇంగ్లీషు కావాలా అని అడిగేవాళ్లున్నారు. ముద్ర వేయడానికి అక్కర్లేదు. వచ్చిన వెయ్యి దరఖాస్తుల్లో తొమ్మిది వందలు పక్కన పెట్టడానికి కావాలి. ఈ విషయంలో ఇంగ్లీషు చేస్తున్న సేవ సామాన్యం కాదు.

కాబట్టి డిసెంబరు విడతకు తయారవుతున్న పిల్లలకు నా సలహా ఒక్కటే. కొత్త హెడ్‌ఫోన్ కొని డబ్బు తగలేయకండి. సీనియర్లు హాస్టల్ మెట్ల దగ్గర పాతవి సగం ధరకు అమ్ముతుంటారు, బేరమాడితే ఇంకా తగ్గిస్తారు. అది 425 దాటినవాడిదేనా అని అడగాల్సిన పని కూడా లేదు. దాటనివాడు ఎలాగూ అమ్మడు, వాడికి జూన్‌లో మళ్లీ కావాలి.