లేబుల్ ఫొటో ఒక్కటే పెడితే ఎలా?

లండన్‌లో సెకండ్ హ్యాండ్‌లో మంచి సూట్ కొనాలంటే విసుగొచ్చేస్తోంది. అమ్మేవాళ్లు బ్రాండ్ లేబుల్‌ని మాత్రం దగ్గరగా ఫొటో తీస్తారు. మిగతా కోటంతా హ్యాంగర్‌కి తగిలించి దూరం నుంచి ఒక్కటంటే ఒక్క ఫొటో. లేబుల్ విప్పి ఇంకో కోటుకి కుట్టడం ఎంతసేపు? అసలు చూడాల్సింది లోపలి జేబులో. సావిల్ రో (ఖరీదైన సూట్లు కుట్టే దర్జీలకి పేరున్న లండన్ వీధి) టైలర్లు కొలతలు తీసుకుని కుట్టిన కోటుకి అక్కడ చిన్న చీటీ ఉంటుంది, దాని మీద కుట్టించుకున్నాయన పేరు, తేదీ. ఆ ఫొటో అడిగితే "ఒరిజినలే, డౌట్ అక్కర్లేదు" అని జవాబు. పేరు చూపించడం ఇష్టం లేకపోతే వేలితో మూయండి, తేదీ కనిపిస్తే చాలు!

మొన్న వచ్చిన కోటు చూస్తే ఒళ్లు మండింది. ఛాతీ దగ్గర గుడ్డ పొక్కులు పొక్కులుగా లేచింది. అసలైన కోటులో పైగుడ్డ వెనక గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ పొర ఉంటుంది, దాన్ని దారంతోనే పట్టిస్తారు. జిగురుతో అంటించిన కోటుకే డ్రైక్లీనింగ్‌లో జిగురు వదిలి ఇలా అవుతుంది. మరి దీన్ని "చేత్తో కుట్టింది" అని ఎలా రాశారు?

ఇక కొలతలు. "సైజు 50" అని రాసి ఊరుకుంటారు. ఇటలీ 50 అంటే ఇక్కడ 40, అది కూడా చెప్పరు. పైగా ఒకరి ఒంటికి కుట్టిన కోటుకి సైజు నంబరుతో పనేంటి? నడుము బిగించొచ్చు, చేతులు పొట్టి చేయించొచ్చు, భుజం మార్చాలంటే మాత్రం సగం కోటు విప్పాల్సిందే. వందల పౌండ్లు అడిగేవాళ్లు టేపు పెట్టి భుజం కొలిచి చెప్పలేరా?