మెట్ల తరఫున ఒక విన్నపం

భవనాలు కట్టేవాళ్లకు వికలాంగులంటే పట్టింపు లేదని ఈ మధ్య ఒక అపవాదు బలంగా వినిపిస్తోంది. పచ్చి అబద్ధం. పట్టింపు లేకపోతే గుమ్మం పక్కన ఆ ర్యాంపు ఎలా వచ్చింది? దాని మీద ఎవరూ ఎక్కలేరన్నది వేరే సంగతి. ర్యాంపు ఉందా అని తనిఖీ పత్రం అడుగుతుంది. ఎక్కగలమా అని ఎక్కేవాళ్లు అడుగుతారు. సర్టిఫికెట్ ఎవరిస్తారో గుర్తుంచుకుంటే, ఎవరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలో తెలిసిపోతుంది.

అసలు తగాదా అంతా 1:12 అనే అంకెతో వచ్చింది. 1 అడుగు ఎత్తు ఎక్కాలంటే వాలు 12 అడుగుల పొడవున సాగాలట. అమెరికా ప్రమాణాల్లో అదే మాట, మన దేశపు మార్గదర్శకాల్లోనూ అదే మాట. మూడు మెట్ల ఎత్తు, అంటే సుమారు 45 సెంటీమీటర్లు అనుకుందాం. ర్యాంపు 5.4 మీటర్లు పోవాలి. అంత జాగాలో రెండు కార్లు పక్కపక్కన పెట్టుకోవచ్చు! పోనీ ఇచ్చామే అనుకోండి, అక్కడితో ఊరుకుంటారా? రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు కావాలి, చక్రం జారిపోకుండా అంచున గట్టు కావాలి. అమెరికా వాళ్లయితే ప్రతి 76 సెంటీమీటర్ల ఎత్తుకూ ఆగి ఊపిరి తీసుకోవడానికి మీటరున్నర చదును నేల కూడా కావాలంటారు.

అనుభవజ్ఞులైన కాంట్రాక్టర్లు దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. అదే 45 సెంటీమీటర్ల ఎత్తును మీటరున్నర పొడవులో లేపేయవచ్చు. 3.9 మీటర్లు మిగులు. పైన నిగనిగలాడే గ్రానైట్ పరిస్తే అందానికి అందం. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కేవాళ్లు వెనక్కి పడతారంటారు, పడొచ్చు. ఆ 1:12 మనిషి చేతుల సత్తువను బట్టి పెట్టిన లెక్క. మనది ప్రహరీ గోడను బట్టి వేసిన లెక్క. గోడ జరగదు కదా, చేతులే సర్దుకోవాలి. అయినా ఇంత నిటారు ర్యాంపు కూడా వృథాగా పోవడం లేదు. మోటార్‌సైకిళ్లు చక్కగా ఎక్కుతున్నాయి.

కాలిబాటల మీది బుడిపెల పలకల గురించి ఇంకా పెద్ద రభస. సెయిచి మియాకె అనే జపాన్ ఆయన కనిపెట్టిన ఈ పలకలను మొదట 1967లో ఒకయామా నగరంలో, అంధుల బడి దగ్గర పరిచారు. గీతలు కాలికి తగిలితే నడవవచ్చు, బుడిపెలు తగిలితే ఆగాలి. ఇంత చిన్న విషయం. ఇప్పుడు విమర్శకులేమంటారంటే, పలకల వెంట నమ్మకంగా నడిచినవాళ్లు నేరుగా కరెంటు స్తంభానికి గుద్దుకుంటున్నారట. టెండరు కాగితం చదివితే ఈ మాట అనరు. అందులో ఇన్ని మీటర్ల పలకలు పరచాలని ఉంది. ఎక్కడికి చేర్చాలని ఎక్కడా లేదు. మీటర్లు సరిపోయాయి, బిల్లు పాసయింది. మధ్యలో చెట్టు వస్తే చెట్టు చుట్టూ పరచడం కూడా కళే. ఇక రంగు. చూపు మందగించినవాళ్లకు నేల నుంచి వేరుగా కనబడాలని పసుపు వేయమన్నారు. నేలకు నప్పలేదని బూడిద రంగు మీద బూడిద రంగే వేయించిన ఆర్కిటెక్టు అభిరుచిని మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ లేరు.

మరుగుదొడ్డి సంగతి క్లుప్తంగా చెబుతాను. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర వ్యాసం ఖాళీగా ఉంచాలట. ఖాళీ కనిపిస్తే బకెట్లు, చీపుళ్లు, విరిగిన బల్లలు ఊరుకుంటాయా? బ్రిటన్ నిబంధనల్లో ఇంకో విడ్డూరం ఉంది. ఆపదలో లాగడానికి ఒక ఎర్ర తాడు, దానికి రెండు కడియాలు, కింది కడియం నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. జారిపడ్డ మనిషి చెయ్యి అక్కడికే అందుతుందని. తుడిచేటప్పుడు అడ్డమని దాన్ని పైకి చుట్టి ముడి వేస్తారు. పడేవాళ్లు కాస్త ఎత్తులో పడితే సరిపోయేది.

మన చట్టం దగ్గరికొద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రమాణాలు పాటించని భవనానికి అనుమతీ కంప్లీషన్ సర్టిఫికెట్టూ ఇవ్వొద్దంది. ఇప్పటికే ఉన్న, జనం వాడే భవనాలను నియమాలు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌లో పోయింది. పోతూ పోతూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఆ నియమాల్లో 15(1) అనేది కూడా మర్యాదస్తురాలే. ఫలానా మార్గదర్శకాలున్నాయి, చూసుకోండి అని సిఫారసు చేసి ఊరుకుంది. అలాంటి మర్యాదను 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కాలరాసింది. చట్టం తప్పనిసరి అంటుంటే నియమం బతిమాలుకుంటుందేమిటని ఆ 15(1) నియమాన్ని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మంది. ఇంత తొందరైతే సిమెంటు ఎలా ఆరుతుంది?

మెట్లు మనుషులను ఆపుతాయన్న వాదనకు చరిత్రలోనే జవాబుంది. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో కొందరు తమ చక్రాల కుర్చీలు, ఊతకర్రలు కింద వదిలేసి, చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ పార్లమెంటు భవనం మెట్లెక్కారు. అందులో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. ఆ జూలైలో అమెరికా వికలాంగుల హక్కుల కోసం చట్టం చేసింది. మెట్లు అడ్డమనడానికి అందరూ ఈ ఉదంతమే చూపిస్తారు. నాకు మాత్రం ఎనిమిదేళ్ల పాపే ఎక్కగలిగినప్పుడు ర్యాంపు దేనికనిపిస్తుంది. కాకపోతే ఈ మాట బయట అన్నప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ఇప్పుడు కొత్తగా ఒక ప్రమాదకరమైన సూచన బయల్దేరింది. భవనం తనిఖీకి వికలాంగులనే తీసుకెళ్లాలట! వాడేవాళ్లే తనిఖీ చేస్తే ఇక ఏ భవనానికైనా సర్టిఫికెట్ దక్కుతుందా? పైగా అవసరమేమొచ్చింది? ఫిర్యాదులు తీసుకునే గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు మరమ్మతులో ఉంది. రిజిస్టరు తీసి చూడండి, ర్యాంపు గురించి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు. అసలు ఇక్కడికి వికలాంగులెవరూ రానే రారని కింద కూర్చునే వాచ్‌మన్ కూడా సాక్ష్యం చెబుతాడు.