సవరణ: న్యూట్రల్ జోన్ ఆల్జెరాన్ ఒప్పందంతో పుట్టలేదు

స్టార్ ట్రెక్ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ కథల్లో, భూమి కూడా ఉన్న గ్రహాల కూటమి ఫెడరేషన్‌కూ, దాని శత్రువైన రోములన్ సామ్రాజ్యానికీ మధ్య ఉన్న న్యూట్రల్ జోన్ (ఇరుపక్షాలూ అడుగుపెట్టకూడని సరిహద్దు ప్రాంతం) ఆల్జెరాన్ ఒప్పందంతోనే ఏర్పడిందనీ, ఫెడరేషన్ నౌక డిఫయంట్‌లోని క్లోకింగ్ పరికరం (నౌకను కనబడకుండా దాచేది) ఆ ఒప్పందానికి విరుద్ధమనీ ఇంతకుముందు రాశాను. రెండూ తప్పే. ఎపిసోడ్లలోని సంభాషణలను మళ్ళీ చూసి సరిచేస్తున్నాను.

న్యూట్రల్ జోన్ అంతకంటే చాలా పాతది. 1966లో ప్రసారమైన 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' ఎపిసోడ్‌లో నౌకాధికారి స్పాక్ చెప్పేది ఇది: వందేళ్ళకు పైగా కిందట జరిగిన భూమి-రోములన్ యుద్ధం తర్వాత, సబ్‌స్పేస్ రేడియో మీదే ఒప్పందం కుదిరింది. ఇరుపక్షాలూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఎవరు జోన్‌లోకి అడుగుపెట్టినా అది యుద్ధ చర్యే. ముఖం తెలియని శత్రువుతో సంధి అన్న ఈ ఊహే ఆ కథకు ప్రాణం. ఆల్జెరాన్‌తో కలిపేస్తే అదే పోతుంది.

ఆల్జెరాన్ సంగతి వేరు. అందులో ఫెడరేషన్ క్లోకింగ్ సాంకేతికతను అభివృద్ధి చేయనని ఒప్పుకుంది. 1994 నాటి 'ద పెగాసస్' ఎపిసోడ్‌లో గొడవంతా దీని మీదే: ఫెడరేషన్ అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్ రహస్యంగా సొంత పరికరం తయారుచేసింది. అది స్పష్టమైన ఉల్లంఘన.

డిఫయంట్‌లోనిది ఫెడరేషన్ తయారుచేసింది కాదు, రోములన్లే అరువిచ్చింది. గెలాక్సీలో దూరంగా ఉన్న గామా క్వాడ్రంట్ అనే భాగంలో మాత్రమే వాడాలన్నది షరతు; బదులుగా అక్కడి శత్రు శక్తి డొమినియన్ గురించి సేకరించిన సమాచారం రోములన్లకు ఇవ్వాలి. తయారీకీ అరువుకూ ఉన్న ఈ తేడాను నేను పట్టించుకోలేదు.