శిక్ష చాలకనా, దొంగ దొరకకనా?

2024 అక్టోబరులో విమానాలకు వరసగా బాంబు బెదిరింపులు వచ్చిన ఆ రెండు వారాలు విమానం ఎక్కినవారికి గుర్తుండే ఉంటాయి. ఢిల్లీ నుంచి షికాగో వెళ్లాల్సిన ఎయిరిండియా విమానం కెనడా ఉత్తరాన మంచు పట్టణం ఇకాలువిట్‌లో దిగింది. మదురై నుంచి సింగపూర్ వెళ్తున్న మరో విమానానికి యుద్ధ విమానాలు కాపలాగా ఎగిరాయి. అన్నీ ఉత్తుత్తి బాంబులే. చట్టాన్ని కఠినం చేస్తామని పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. డిసెంబరుకల్లా నిబంధనలు మారాయి, లక్ష రూపాయల జరిమానా వచ్చింది.

అసలు చట్టం ఎప్పుడు మెత్తగా ఉంది? అబద్ధమని తెలిసీ సమాచారమిచ్చి, గాలిలో ఉన్న విమానాన్ని ప్రమాదంలోకి నెడితే యావజ్జీవం అని 1982 నాటి పౌర విమానయాన భద్రత చట్టమే చెప్పింది. 2016 హైజాకింగ్ నిరోధక చట్టం ఇంకా ముందుకెళ్లి, నమ్మదగిన బెదిరింపునూ హైజాకింగ్‌గానే చూసింది. 2017లో ముంబై–ఢిల్లీ విమానం మరుగుదొడ్డిలో దొరికిన బెదిరింపు చీటీ కేసులో ప్రత్యేక కోర్టు ఈ చట్టం కిందే యావజ్జీవంతోపాటు 5 కోట్ల జరిమానా వేసింది. 2023లో గుజరాత్ హైకోర్టు ఆ నిందితుణ్ని నిర్దోషిగా వదిలేసింది. శిక్ష ఎంత పెద్దదైనా రుజువు నిలవకపోతే మిగిలేది కాగితమే.

ఇప్పుడు ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్క చూడండి. 2024లో నవంబరు 14 వరకు వచ్చిన బెదిరింపులు 999, కేసులు 256, అరెస్టయినవారు 12 మంది. ఒక్కడే పదుల కొద్దీ సందేశాలు పంపి ఉండవచ్చు, ఒప్పుకుంటాను. అయినా ఈ అంకెల్లో కనిపిస్తున్న లోటు శిక్షది కాదు, దర్యాప్తుది.

కఠిన శిక్ష ఆకతాయిలను భయపెడుతుందనే వాదన ఉంది. ఆ అక్టోబరులో పట్టుబడినవారిలో 17 ఏళ్ల బాలుడున్నాడు. ఆ వయసువాడు సెక్షన్లు చదివి ఆగడు. నిన్న ఇదే పని చేసినవాణ్ని ఇవాళ పోలీసులు తీసుకెళ్లారని తెలిస్తే ఆగుతాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఈ నేరానికి ప్రాణం ‘తెలిసీ’ అన్న ఒక్క మాట. తప్పుడు సమాచారంతో అధికారులను పరుగులు పెట్టించినవాడికి భారతీయ న్యాయ సంహితలోని 217వ సెక్షన్ ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదంటే రెండూ అంటోంది. అక్కడా షరతు అదే. ఆవేశంలో ఆ మాటను పలుచన చేస్తే మొదట నోరు మూసుకునేది నిజాయితీపరుడే. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలితే ఏం జరిగిందో చూసిన హైదరాబాద్ నగరం మనది. బస్టాపులో యజమాని లేని సంచిని చూసిన మనిషి, అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేకపోయినా, భయం లేకుండా పోలీసులకు ఫోను చేయగలగాలి.

కాబట్టి ఇంకో సవరణ తెచ్చే ముందు ప్రభుత్వం ఒక్క లెక్క చెప్పాలి: ఆ 256 కేసుల్లో ఎన్నింట అభియోగపత్రం దాఖలైంది? ఎందరికి శిక్ష పడింది?