దోమగారికి దక్కని మర్యాద

మనుషుల ప్రాణాలు తీసే జంతువు పేరు చెప్పమంటే చిన్నపిల్లాడైనా తడుముకోకుండా సొరచేప అంటాడు. ఇంకొకటి అడిగితే సింహం. ఈ విషయంలో తరతరాలుగా ఘోరమైన అన్యాయం జరుగుతోందని ఇక మొహమాటం లేకుండా చెప్పక తప్పదు.

సొరచేప చేతిలో, అంటే నోట్లో, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పోయేవాళ్లు సగటున పది మంది లోపే. అదే ఏడాదిలో మనం చంపే సొరచేపలు సుమారు 10 కోట్లని 2013లో ఒక అంచనా వచ్చింది. ఎవరికి ఎవరంటే భయం ఉండాలో తేల్చడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. అయినా సముద్రంలో కాలు పెట్టగానే టెన్షన్ పడేది మనమే. పళ్లు బయటికి కనబడితే చాలు, పేరు దానంతటదే వచ్చేస్తుంది.

పాము సంగతి వేరు. ఏటా 81,000 నుంచి 1,38,000 మంది వరకు పాముకాటుకు పోతున్నారు కాబట్టి దాని హోదా అది నిలబెట్టుకుంది. కానీ నత్త? ఈ లోకంలో పరిగెత్తి తప్పించుకోవాల్సిన అవసరం లేని ప్రాణి ఏదైనా ఉంటే అది నత్తే. అది ఎవరి వెంటా పడదు. కొన్ని మంచినీటి నత్తల్లో పెరిగే పరాన్నజీవి పిల్లలు నీళ్లలోకి వచ్చి, అందులో నిలబడ్డవాడి చర్మంలోంచి నేరుగా లోపలికి దూరతాయి. జబ్బు పేరు షిస్టోసోమియాసిస్. అది పలికేలోపే సగం ప్రాణం పోతుంది.

(2021లో ప్రపంచంలో సుమారు 4,58,000 హత్యలు జరిగాయి. చేసిన జంతువు పేరు మీకు తెలుసు. నిర్వాహకులు, వారి కుటుంబ సభ్యులు పోటీకి అనర్హులు కాబట్టి ఆ పేరు పరిశీలించలేదు.)

ఇక అసలు విజేత. బరువు రెండు మిల్లీగ్రాములు, కాస్త అటూఇటూ. కోరల్లేవు, గర్జన లేదు. ఒక్క మలేరియాతోనే 2023లో సుమారు 5,97,000 మంది పోయారు. డెంగీ లెక్క ఇందులో కలపలేదు. కుట్టేది ఆడదోమే, అదీ గుడ్ల కోసం. మగవారు పూల తేనె తాగి కాలక్షేపం చేస్తారు, పాపం నోట్లో వేలు పెడితే కొరకలేరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమి ఉందని కనిపెట్టారు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. పొట్ట ఇచ్చినావిడకు కనీసం థాంక్స్ చెప్పినవాళ్లు లేరు.

మనం ఈవిడకిచ్చే మర్యాద ఏపాటిదో అర్ధరాత్రి చూడాలి. దుప్పటి ముసుగు తన్నినా చెవి దగ్గరే కచేరీ. లైటు వేస్తే మాయం, ఆర్పితే మళ్లీ శ్రుతి. చివరికి మన చెంప మనమే వాయించుకుని పడుకుంటాం. సింహం ఇంత పని చేయించగలదా?

ఇది రాస్తుండగానే ఒకావిడ నా ఎడమ మోచేతి మీద వాలారు. తల కిందికి, వెనకభాగం పైకి. మలేరియా మోసే అనాఫిలిస్ వంశం వారి కూర్చునే తీరు అచ్చం ఇలాగే ఉంటుందట. ఆ భంగిమ పరిశీలించడంలో కాస్త ఆలస్యమైంది. దెబ్బ గట్టిగానే పడింది, నా మోచేతికి.